తుమ్మక్కా, వస్తాండా

భయం సంగతి అడగాలంటే ఈ చుట్టుపక్కల నన్నే అడగాలి. బల్లి కనబడితే అంగన్‌వాడీ పిల్లలకన్నా ముందు నేనే బెంచీ ఎక్కుతాను. ఉరుము ఉరిమితే తలుపు మూసేసి, పిల్లలను దగ్గరకు తీసుకున్నట్టు నటిస్తూ వాళ్ల మధ్యలో దూరి కూర్చుంటాను. నా పేరు హేమావతి. పెనుకొండకు అవతల, కొండ వాలులో ఉన్న బండకిందపల్లిలో అంగన్‌వాడీ టీచర్‌ని. ఇలాంటిదాన్ని ధైర్యం గురించి చెప్పబోవడం లేదు. ధరణి గురించి చెబుతాను. ఆ పిల్ల భయం చూశాక నా భయం నాకే చిన్నపిల్లల ఆటలా కనిపించింది.

ధరణి మా పక్కింటి పోతులయ్య, యల్లక్కల ఒక్కగానొక్క కూతురు. జీవాలు మేపుకునే ఇల్లు. గొర్రెలను మా దగ్గర జీవాలంటారు. ఆ పిల్ల నడక నేర్చింది గొర్రెపిల్లల వెనక, అక్షరాలు నేర్చింది నా దగ్గర. చిన్నప్పుడు దానికి భయమంటే తెలియదు. సెంటర్‌లోకి తేలు వస్తే నేను బెంచీ మీద నిలబడి కేకలు పెడుతుంటే, అది చీపురుపుల్లతో తేలును తోసుకుంటూ బయటికి తీసుకుపోయి, "ఇంగ దిగక్కా" అనేది. హిందూపురంలో డిప్లొమా చదివింది. హైవే పక్కన కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో చేరింది. మా పల్లెలో కంపెనీ చొక్కా, బూట్లు వేసుకున్న మొదటి ఆడపిల్ల అదే. పొద్దున్నే బస్సు కోసం క్రాసు దాకా టకటకా నడిచిపోతుంటే చూడముచ్చటగా ఉండేది. మా అందరి దిష్టే తగిలిందేమో.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున, కంపెనీ బస్సులో కూర్చున్న పిల్లకు ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి. గొంతు ఎవరో పిసికినట్టయింది. చచ్చిపోతున్నానని అరిచింది. బస్సు నడిరోడ్డున ఆపారు. ఎవడో పుణ్యాత్ముడు ఫోన్ తీసి వీడియో కూడా పట్టాడు, వాడి చేతులు పడిపోను! హిందూపురం తీసుకుపోయి ఈసీజీ తీయించారు, రక్తం పరీక్షలు చేయించారు. డాక్టరు కాగితాలు తిరగేసి, "అంతా నార్మల్" అన్నాడు. నార్మల్ అయితే పిల్ల ఎందుకు చస్తోందయ్యా అని నాకు నోటిదాకా వచ్చింది. యల్లక్క నా చెయ్యి నొక్కింది కాబట్టి ఊరుకున్నాను.

గాలి సోకిందని యల్లక్క అనుమానం. ధర్మవరంలో ఉండే చెల్లెలి దగ్గరికి తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టుకున్నాక కూడా, వానలు తగ్గే రోజుల్లో మళ్లీ దడ వచ్చింది, ఈసారి ఏకంగా కంపెనీలో, నడుస్తున్న మిషన్ పక్కన. కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకో జానెడు అటు పడి ఉంటే చెయ్యి పోయేది. సూపర్‌వైజర్ రవికుమార్ మంచివాడే, కాదనను. కానీ ఆ రోజు అతని మొహంలో కూడా నెత్తురు లేదట. నెల రోజులు సెలవిచ్చి, "నయం చేసుకుని రామ్మా. ఇంకోసారి ఇట్లయితే నిన్ను మిషన్ లైన్ మీద నిలబెట్టలేను. ఇంటికి పంపించాల్సి వస్తుంది" అన్నాడు.

ఊరంతా ఉద్యోగం గురించే మాట్లాడింది. ధరణి మాత్రం ఒకనాడు మా ఇంటి మెట్ల మీద కూర్చుని వేరే మాట చెప్పింది.

"హేమక్కా, ఉద్యోగం పోతే పోనీ, జీవాల్ని తోలుకోని బతుకుతా. నా భయం అది గాదు. ఆ దడ వచ్చినప్పుడు చస్తాండా అనిపిస్తాది. రానప్పుడేమో ఎప్పుడొస్తాదో అని చస్తాండా. ఇంగ నేను బతికేది ఎప్పుడక్కా?"

ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఎండ మండే మధ్యాహ్నం కూడా ఆ చెయ్యి బావినీళ్లంత చల్లగా ఉంది. రెండు పదులు దాటిన పిల్ల, తిండి తగ్గి, నిద్ర తగ్గి, ఎప్పుడు చూసినా మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకుని నాడి చూసుకుంటూ ఉండేది. నాకు ఏడుపొచ్చింది.

కంపెనీ తరఫున కౌన్సెలింగ్ చేసే ఒకావిడ ఫోన్‌లో మాట్లాడి, పొద్దున్నే పరిగెత్తమని చెప్పింది. ఫోన్‌లో ఒక యాప్ కూడా వేసుకోమంది. అందులో ఒక మెత్తటి గొంతు, "మీ శ్వాసను గమనించండి, ఈ క్షణంలో ఉండండి" అంటూ ఉంటుంది. నాకేమో అప్పటికే షుగరు. నడవకపోతే కాళ్లకు ముప్పని డాక్టరు బెదిరించి ఉన్నాడు. ఒంటరి ఆడపిల్లకు తోడు అని పేరు పెట్టుకుని నేనూ బయల్దేరాను. ఎవరికి ఎవరు తోడో ఆ దేవుడికే తెలియాలి.

హైవే మీద లారీలు, బైకుల మీద ఈలలు వేసే వెధవలు. అందుకని కొండకింది బండ్లబాట పట్టాము. పల్లె నుంచి బస్సు ఆగే క్రాసు దాకా ఆ బాటే పోతుంది. ఒకవైపు శెనక్కాయ చేన్లు, ఇంకోవైపు పెద్ద పెద్ద రాతిగుండ్లు, తుమ్మలు, సీతాఫలం పొదలు. ధరణి ముందు పరిగెత్తేది. నేను వెనక, చీర కుచ్చిళ్లు దోపుకుని, బాతులాగా.

మొదట్లో ఆ పరుగు చూడలేకపోయేదాన్ని. పది అంగలు వేసేది, ఆగేది, వెనక్కి చూసేది, నాడి పట్టుకునేది. ఇయర్‌ఫోన్లలోని గొంతేమో గమనించండి గమనించండి అంటుంది. ఈ పిల్ల గుండెను గమనిస్తుంది. పరిగెత్తితే గుండె కొట్టుకోదా! కొట్టుకోకపోతే కదా భయపడాలి! ఇదేమో దడ వచ్చేసిందని బాట మధ్యలో కూలబడిపోయేది. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, "అక్కా, వస్తాంది, వస్తాంది" అనేది. నేను నీళ్లు తాగించి, వీపు రాసి, మెల్లగా లేపుకుని వచ్చేదాన్ని. ఇంటికి వచ్చేసరికి నాకే దడ పుట్టేది.

ఒకరోజు మేము అలా తిరిగొస్తుంటే, వాకిట్లో కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతున్న అక్కమ్మవ్వ మమ్మల్ని ఆపింది. పోతులయ్య తల్లి ఆమె. మోకాళ్లు పట్టేసి కొండకు పోవడం మానేసిందిగానీ, కళ్లు మాత్రం కొండ మీదే ఉంటాయి.

"యా దోవన పోయొస్తాండారు మీరు?"

"కొండకింది దోవనవ్వా" అంది ధరణి.

"నోరు మూసుకోనా?"

"పరిగెత్తేటప్పుడు మాట్లాడేకి అయ్యేల్యా అవ్వా."

అవ్వ కదురు పక్కన పెట్టింది. "సీతాఫలాల కాలంలో కొండకింద నోరు మూసుకోని పోతారంటే? కొరివితో తల గోక్కున్నట్లే! ఎలుగొడ్డుకు కండ్లు మందం, చెవులు మందం. పొదలో తల దూర్చుకోని తింటాంటే మనం మీదికి పోయేదాకా దానికి తెలీదు. తెలిసినాక బెదురుతాది. బెదిరిందే మీద పడేది. అందుకే పిలుస్తా పోవల్ల."

"ఎవర్ని పిలవల్ల?" అన్నాను నేను.

"కనపడినోళ్లనంతా." అవ్వ గొంతు సవరించుకుని, జీవాలను అదిలించే గొంతుతో మొదలుపెట్టింది. "గుండప్పా, వస్తాండా! తుమ్మక్కా, వస్తాండా! పుట్టమ్మా, వస్తాండా! ఇట్లా. మనం వచ్చేది అందరికీ తెలియల్ల. మా అత్త నాకి నేర్పించింది. కానీ ఒకటి. కండ్లకు కనపడినదాన్నే పిలవల్ల. మలుపు తిరిగినాక ఏముంటాదో, చీకట్లో ఏముంటాదో అనుకోని పిలవగూడదు. కనపడనిదాన్ని పిలిస్తే వస్తాది."

"నీకు భయం లేదా అవ్వా?" అని ధరణి అడిగింది.

"భయం లేకుంటే పిలిచేదెందుకే పిచ్చిదానా? నాకి ఇప్పటికీ భయమే" అని అవ్వ మళ్లీ కదురు అందుకుంది.

మర్నాడు తెల్లారుజామున ధరణి ఇయర్‌ఫోన్లు తీసేసి, సిగ్గుపడుతూ, దగ్గుతున్నట్టుగా, "గుండప్పా, వస్తాండా" అంది. తర్వాత తుమ్మను పిలిచింది. తర్వాత పుట్టను. వెనక వస్తున్న నాకు మొదట నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల ఆగడం లేదు. వెనక్కి చూడడం లేదు. మణికట్టు మీద వేళ్లు లేవు. ముందు ఏం కనపడుతుందా అని చూస్తోంది, చూసినదాన్ని పిలుస్తోంది, పిలిచి దాటిపోతోంది. కౌజుపిట్టలు కూస్తే, "పిట్టమ్మా, వస్తాండా" అంది. అప్పుడే పెరికి కుప్ప వేసిన శెనక్కాయ చెట్ల పచ్చివాసన వస్తే దానికీ ఒక పలకరింపు పడేసింది. తూర్పున ఎర్రబడుతుంటే మంచులో దాని అడుగుల చప్పుడు, ఊపిరి చప్పుడు, మధ్యమధ్యలో ఆ పిలుపు. అంతే. క్రాసు దాకా పోయి నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని నాకోసం చూస్తోంది. రొప్పుతూ పోయాను.

"అక్కా, దడ సంగతి నాకి గుర్తే లేదక్కా" అంది. అన్ని నెలల తర్వాత ఆ మొహంలో పాత ధరణి కనిపించింది. తేలును తోసుకుపోయిన ధరణి.

ఆ సంతోషం నాలుగు రోజులు కూడా నిలవనివ్వలేదు మా ఊరివాళ్లు. పాలక్యాన్లు వేసుకుని బైకు మీద పోయే ఇద్దరు ఆ పిలుపు విన్నారు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే పాట. పోతులయ్య కూతురు గుండ్లతో మాట్లాడుతోందట, తుమ్మచెట్టును అక్కా అంటోందట, పూర్తిగా చెడిపోయిందట. మంచినీళ్ల ట్యాంకు దగ్గర ఎవరో యల్లక్క మొహం మీదే అడిగేశారు. ఆమె బిందె అక్కడే వదిలేసి వచ్చి కూతురి ముందు కూర్చుని ఏడ్చింది.

"మనసులో అనుకోరాదా తల్లీ? దేవునికైనా మనసులోనే కదా మొక్కుకుంటాం. పైకి అంటే పిచ్చిదంటారే. రేపు నీకి పెళ్లి గావల్ల."

తల్లి ఏడుపు చూడలేక ధరణి నోరు మూసుకుంది. పైగా యాప్‌లో గొంతు కూడా మనసులోనే గమనించమంటోంది కదా, అవ్వ మాటా యాప్ మాటా ఒకటేనక్కా అంది. నాకూ అది సబబుగానే తోచింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మళ్లీ వచ్చాయి. పెదవులు కదిలేవి, మాట వినపడేది కాదు. పరుగు మాత్రం బాగానే సాగింది. సెలవు అయిపోవచ్చింది. సోమవారం డ్యూటీకి పోవాలి. ఇంట్లో అందరి కళ్లూ క్యాలెండరు మీదే.

దానికి ముందు శనివారం. మంచు బాగా పట్టింది. గాలి కొండ మీది నుంచి మా మీదికి వీస్తోంది. పెద్ద సీతాఫలం పొద ఉన్న మలుపుకు ఇవతల ధరణి నాకోసం ఆగింది. ముక్కు ఎగబీల్చి, గుసగుసగా, "నాయన గొంగడి వాసన వస్తాంది గదక్కా? ఈ తట్టు మంద పెట్టినాడేమో" అంది. నాకూ తగిలింది ఆ వాసన. తడిసిన ఉన్ని వాసన. కాపర్ల ఇళ్లలో వానాకాలమంతా ఉండే వాసనే. పోతులయ్య రాత్రిళ్లు ఎవరెవరి చేన్లలోనో ఎరువు కోసం మంద కడుతుంటాడు కాబట్టి నిజమే అనుకున్నాను. వేరే ఇంటి పిల్ల అయితే ఆ వాసనకు అక్కడే ఆగిపోయి ఉండేది. ఇది కాపరి బిడ్డ. నాయన దగ్గర్లో ఉన్నాడనుకుని, ఇయర్‌ఫోన్ సర్దుకుని, ఇంకా హుషారుగా మలుపు తిరిగింది.

నేను నాలుగడుగులు వేశాక గమనించాను, పిట్టలు కూయడం లేదు.

మలుపు తిరిగేసరికి ధరణి బాట మధ్యలో నిలబడిపోయి ఉంది. దానికి అవతల, రెండు ఎడ్లబండ్లు పట్టేంత దూరంలో, పొదలోంచి నల్లటిది ఒకటి వెనక్కి జరిగి బయటికొచ్చింది. మొదట దున్నపోతనుకున్నాను. అది తల తిప్పింది. పొడుగాటి బూడిదరంగు మూతి. వీపు మీద జుట్టు పట్టుకుని వేలాడుతున్న పిల్ల. పిల్లతల్లి ఎలుగొడ్డు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అలాగే కూలబడిపోయాను, చీర తడిసిపోయింది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మీరైనా అంతే. ఇంత బతుకు బతికి శెనక్కాయ చేను పక్కన చస్తున్నానే అనుకున్నాను.

ఎలుగొడ్డు వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. నోట్లోంచి కొలిమితిత్తి ఊదినట్టు 'హుఫ్, హుఫ్' అని చప్పుడు. ధరణి చెయ్యి మెల్లగా గుండె మీదికి పోయింది. నాకు అర్థమైంది. దడ వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు! పిల్ల భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మోకాళ్లు వంగుతున్నాయి. పడిందంటే అయిపోయింది. తిరిగి పరిగెత్తినా అయిపోయింది. దేవుడా, ఈ ఒక్క నిమిషం దాన్ని నిలబెట్టు స్వామీ అని మొక్కుకున్నాను. మనసులోనే. పైకి అనడానికి నోరు రాలేదు.

ధరణి చెవిలోంచి ఇయర్‌ఫోన్ లాగేసింది. అది కిందికి వేలాడుతూ, ఆ నిశ్శబ్దంలో సన్నగా, "ఇప్పుడు మీ పాదాలను గమనించండి" అంటోంది. ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని.

"గుండప్పా," అంది ధరణి. ఆ గొంతు ధరణిది కాదు. ఎండిపోయిన గొంతు. "గుండప్పా... ఈడుండా."

ఎలుగొడ్డు తల పక్కకు వంచింది.

"తుమ్మక్కా, ఈడుండా. సీతాఫలమమ్మా... ఈడుండా. బూట్లప్పా, ఈడుండా." ఒక్కొక్క మాటకు మధ్యలో ఊపిరి ఎగబీలుస్తోంది. వెనక్కి తిరగకుండానే, "హేమక్కా, ఈడుండావా?" అంది.

నా నాలుక ఎలా తిరిగిందో తెలియదు. "ఉండానే తల్లీ. ఈడే ఉండా" అన్నాను.

ఇక కనపడేవాళ్లలో పిలవనిది ఒక్కటే మిగిలింది. దాన్ని ఏమని పిలవాలో అవ్వ చెప్పలేదు. కొండకింద నడిచేటప్పుడు కాపర్లు దాని పేరెత్తరు. ధరణి పేరు వెతుక్కునేలోపే ఎలుగొడ్డు ధడాలున ముందుకు దూకింది. దుమ్ము లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది సగం దూరంలో ఆగి, ముందుకాళ్లతో నేలను కొడుతోంది. ధరణి ఉన్నచోటే ఉంది.

"నల్లక్కా," అంది. వణుకుతూనే అంది, కానీ పైకి, స్పష్టంగా అంది. "నల్లక్కా, బిడ్డతో ఉండావు. నీకి భయమైంది గదా? నాకీ భయమే. నువ్వు తిను. మేము పోతాండాం." ఒక అడుగు వెనక్కి వేసింది. "పోతాండాం నల్లక్కా." ఇంకో అడుగు.

వీపు మీది పిల్ల కుయ్యిమంది. తల్లి ముందుకాళ్లు దించి, మమ్మల్ని ఇంకోసారి వాసన చూసి, తిరిగి గుండ్ల మధ్యలోకి ఎక్కిపోయింది. రాళ్లు దొర్లిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

ధరణి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను.

"హేమక్కా, అదీ వచ్చినాది, దడా వచ్చినాది. రెండూ ఒకేసారి" అంది చివరికి. "నల్లక్క పోయినాక చూసుకుంటే దడ కూడా పోయిండాది. ఎప్పుడు పోయినాదో నాకి తెలీనే లేదు."

ఊళ్లో సంగతి తెలిసి ఒకటే గోల. ఫారెస్టువాళ్లు వచ్చి చూసి, బాట పక్కన పొదలు కొట్టేయమని చెప్పిపోయారు. యల్లక్క కూతురి ఒళ్లంతా తడిమి తడిమి చూసి, ఇక గడప దాటనివ్వనంది. అక్కమ్మవ్వ మాత్రం ఒకటే అడిగింది.

"నోరు తెరిచి పిలుచుకుంటా పోయినావా?"

"లేదవ్వా. మనసులో అనుకున్నా."

"మనసులో అనుకుంటే ఎవురికి ఇనపడతాదే?" అవ్వకు కోపం ముంచుకొచ్చింది. కదురు విసిరికొట్టింది. "ఊరోళ్లు నవ్వుతారని నోరు మూసుకుంటివా? నవ్వినోళ్లు వచ్చి అడ్డం పడిరా? నవ్వేవాళ్ల పండ్లు బయటికి వస్తాయి, నీ పేగులు బయటికి వస్తాండె!" అని తిట్టి తిట్టి, మనవరాలి తల ఒళ్లో పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడడం అదే మొదలు.

సోమవారం పొద్దున పోతులయ్య కట్టె పట్టుకుని ముందు నడిచాడు. మధ్యలో ధరణి. వెనక నేను. నాకు రావాలని లేదు, కానీ ఇంట్లో కూర్చుంటే ఇంకా భయం. ముగ్గురమూ గొంతులు చించుకుని గుండప్పనూ తుమ్మక్కనూ పిలుచుకుంటూ క్రాసుకు చేరాము. పాలక్యాన్ల బైకు ఎదురొచ్చింది. ఈసారి వాళ్లు నవ్వలేదు. బైకు స్లో చేసి, ఎక్కడ చూశారక్కా అని నన్నడిగారు.

కంపెనీ బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ధరణి ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది. లోపల అందరూ చూస్తున్నారు. అప్పుడు వీడియో తీసినవాడు కూడా వాళ్లలోనే ఉండే ఉంటాడు. రవికుమార్ ముందు సీట్లోంచి వంగి, "ధరణీ, ఎక్కుతావా?" అన్నాడు మెల్లగా. వెనక నుంచి లారీ హారన్ కొడుతోంది. పిల్ల చెయ్యి గుండె మీదికి పోతోంది. నాకు శనివారం నాటి మలుపే మళ్లీ కళ్లముందు నిలిచింది. నిజం చెబుతున్నాను, ఆ ఎలుగొడ్డు కన్నా ఆ తెరిచిన తలుపే భయంగా కనిపించింది. దాన్ని ఇంటికి తీసుకుపోదామని చెయ్యి పట్టుకోబోయాను కూడా.

ధరణి తలెత్తింది. లోపల కూర్చున్నవాళ్లనందరినీ ఒకసారి చూసింది.

"బస్సప్పా," అంది. గొంతు సరిపోలేదని, మళ్లీ అంది. "బస్సప్పా, వస్తాండా!"

బస్సంతా గొల్లున నవ్వింది. ధరణి చెవులు ఎర్రబడ్డాయి. కానీ రెండో కాలు కూడా మెట్టు మీదికి పోయింది. డ్రైవరు కేశవ, మా పక్క ఊరివాడే, స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీసి, "రామ్మా, నీ సీటు నీకే ఉండాది" అన్నాడు. తలుపు మూసుకుంది. అద్దంలోంచి చూస్తే ఆ పిల్ల నోరు కదులుతూనే ఉంది, పక్కన కూర్చున్న అమ్మాయి నోరు తెరుచుకుని దాన్నే చూస్తోంది.

ఆ పగలంతా నేను పిల్లలకు పాఠం చెప్పానో, ఏం వండించానో గుర్తులేదు. ఫోన్ మోగితే చాలు కంపెనీ నుంచేమోనని గుండె జారిపోయేది. యల్లక్క రెండుసార్లు వచ్చి, నా ఫోన్ వైపు చూసి వెళ్లిపోయింది. సాయంత్రం బస్సు టైముకు ముందే నలుగురమూ క్రాసులో ఉన్నాము. అక్కమ్మవ్వను పోతులయ్య టీవీఎస్ మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

బస్సు ఆగింది. ధరణి దిగింది. చొక్కా మీద నూనె మరకలు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. నేనే అడిగాను.

"వచ్చినాదా?"

"వచ్చినాదక్కా. మధ్యాహ్నం, లైన్ మీద. పెద్దగానే వచ్చినాది."

యల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధరణి టిఫిన్ బాక్సు ఆమె చేతికిచ్చి, అవ్వ వైపు తిరిగింది.

"కనపడినోళ్లనంతా పిలిచినానవ్వా. మిషనప్పను, బెల్టక్కను, రవికుమార్ సార్‌ను కూడా. అందరూ నవ్విరి. దడను కూడా పిలిచినా. వస్తివా, నేను ఈడే ఉండా అంటి. అది వచ్చి, ఉండి, పోయినాది. నేనైతే యాడికీ పోలేదు."